అంగుళాల అందం

ప్యాపిలిలో మా మేనకోడలి రిసెప్షన్‌కి నాలుగంగుళాల మడమల చెప్పులు దిగాయి. పెళ్ళికొడుకు పొడగరి. ఫోటోలో పిల్ల పొట్టిగా కనబడకూడదట! "కాళ్ళు నొయ్యవటే?" అన్నాను. "రెండు గంటలే కదత్తా!" అంది.

చూపుకైతే ఆ చెప్పులకి వంక పెట్టలేం. కానీ చెప్పు అద్దాల బీరువాలో బొమ్మ కాదు గదా. నడిస్తేనే దాని గుణం తెలిసేది. మడమ లేచినకొద్దీ ఒంటి బరువంతా కాలివేళ్ళ మీదికి జారుతుంది. 1993లో పారిస్‌లో వివియన్ వెస్ట్‌వుడ్ చేయించిన జానెడెత్తు జోళ్ళతో నడుస్తూ నవోమీ కాంప్‌బెల్ అంతటి మోడలే కూలబడింది. పాపం, నవ్వేసి లేచింది. ఆ జోళ్ళు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం చేరాయి. వాటికి తగిన చోటు అదే!

ఇటలీ చెప్పుల కళాకారుడు సాల్వటోరే ఫెర్రగామో కూడా ఎత్తు ఇచ్చాడు. 1930లలో అక్కడ మంచి ఉక్కు కరువైతే, సీసా బిరడాలకి వాడే కార్కు తెచ్చి, మడమకీ అడుగుకీ మధ్య సందు లేకుండా నింపేశాడు. మనం 'వెడ్జ్' అనేది దాన్నే. ఎత్తుకి ఎత్తూ, పాదానికి ఆసరా. నా ఓటు దానికే.

గంట గడవకముందే మా పిల్ల చెప్పుల్ని కుర్చీ కిందికి తోసేసి, పట్టుచీర కుచ్చెళ్ళ చాటున ఉత్తకాళ్ళతో నిలబడింది. మొన్న ఆల్బం వచ్చింది. ముందు ఫోటోల్లో పొడుగ్గా ఉంది. తర్వాతి ఫోటోల్లో నవ్వుతోంది.