పైకి లేచిన కాలు

2013 మార్చి 5 రాత్రి, ఓల్డ్ ట్రాఫర్డ్. ఛాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో రియల్ మాడ్రిడ్ మీద మాంచెస్టర్ యునైటెడ్ 1-0తో ముందుంది. 56వ నిమిషంలో గాల్లోంచి దిగుతున్న బంతిని అందుకోవడానికి యునైటెడ్ ఆటగాడు నాని కాలెత్తాడు. చూపంతా బంతి మీదే. అదే బంతి కోసం వచ్చిన మాడ్రిడ్ ఆటగాడు అర్బెలోవా పక్కటెముకలకు అతని బూటు తగిలింది. టర్కీ రెఫరీ జునెయ్ట్ చకీర్ రెడ్ కార్డ్ చూపించాడు. 66వ నిమిషంలో మోడ్రిచ్, 69వ నిమిషంలో రొనాల్డో మాడ్రిడ్‌కు గోల్స్ కొట్టారు. యునైటెడ్ టోర్నీ నుంచి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నాకు చాలా కోపం వచ్చింది. మనిషిని చూడనే లేదు కదా, అతన్ని బయటికి పంపడమేమిటని వాదించాను. యునైటెడ్ మాజీ కెప్టెన్ రాయ్ కీన్ టీవీలో రెఫరీదే సరైన నిర్ణయమన్నప్పుడు అసలు మింగుడుపడలేదు.

తర్వాత కొన్నాళ్లు ఆదివారాలు పిల్లల మ్యాచ్‌లకు విజిల్ ఊదాను. ఒక రోజు ఓ కుర్రాడి కాలు ఛాతీ ఎత్తుకు లేచింది, ఎదుటివాడు డొక్క పట్టుకుని కూలబడ్డాడు. "చూడలేదు సార్, నిజంగా చూడలేదు" అన్నాడు కొట్టినవాడు, కళ్లలో నీళ్లతో. అబద్ధం కాదది. మందలించి వదిలేశాను. దెబ్బ తిన్న పిల్లాడు మాత్రం మళ్లీ ఆడలేదు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా మొహం ముడుచుకుంటూ గీత బయట కూర్చున్నాడు. ఆ వైపు చూడలేకపోయాను.

ఇంటికెళ్లి రూల్స్ మళ్లీ చదివాను. అజాగ్రత్తకు ఫ్రీ కిక్, ప్రమాదాన్ని లెక్కచేయకపోతే ఎల్లో, మితిమీరిన బలం వాడినా ఎదుటివాడి ఒంటికి ముప్పు తెచ్చినా రెడ్. ఉద్దేశం అన్న మాట ఆ మెట్లలో ఎక్కడా లేదు. నాని కాల్లో కొట్టే ఊపు లేదని, బంతిని ఆపే ప్రయత్నమేనని అనేవాళ్ల మాటలో బలముంది. ఎల్లో ఇచ్చి ఉంటే ఎవరూ పెద్దగా గొడవ చేసేవారు కాదేమో. అయినా పరుగు మీద వస్తున్న మనిషి పక్కటెముకల ఎత్తులో అతని బూటు స్టడ్స్ ఉన్నాయి. చుట్టూ ఆడేవాళ్లున్నారని తెలిసీ కాలు అంత ఎత్తుకు లేపినవాడే చూసుకోవాలి.

2010 ప్రపంచకప్ ఫైనల్లో నెదర్లాండ్స్ ఆటగాడు డి యాంగ్ బూటు స్పెయిన్ ఆటగాడు అలోన్సో ఛాతీకి తగిలినప్పుడు రెఫరీ హోవర్డ్ వెబ్ ఎల్లోతో సరిపెట్టాడు. తనకు సరిగా కనపడలేదని, అది రెడ్ కార్డేనని తర్వాత ఒప్పుకున్నాడు. చకీర్‌కు కనపడింది.

నాని మంచి ఆటగాడు, ఆ రాత్రి ఎవరికీ చెడు తలపెట్టలేదు. ఆ రెడ్ కార్డ్ మాత్రం న్యాయమైనదే.