నొక్కని మీట

కంప్యూటరు మీటల పలకపై, అన్నిటికంటె పై వరుసలో, ఎఫ్ 5 అనియు ఎఫ్ 9 అనియు రెండు మీటలు గలవు. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అను వ్యోమయానక్రీడ నాడువారికి ఈ రెండును సంజీవనీమూలిక వంటివి. మొదటిదానిని నొక్కిన క్షణమున ఏ నౌక ఏ కక్ష్యయందున్నదియు, ఏ ట్యాంకులో ఎంత ఇంధనము మిగిలినదియు, ఎవరు ఎక్కడ నిలిచియున్నదియు సర్వమును కంప్యూటరు తన జ్ఞాపకమున పదిలపరచుకొనును. రెండవదానిని కొంచెముసేపు నొక్కిపట్టితిమా, నడుమ జరిగినదంతయు జరుగనట్లే తుడుచుకొనిపోవును. కొండకు తాకి తుత్తునియలైన నౌక మరల ఆకసమున చెక్కుచెదరక నిలుచును. అందు మరణించిన వ్యోమగామి మరల తన గవాక్షమునుండి తొంగిచూచును. ఇట్టి వరము వ్రేలికొనయందుండగా, దానిని వాడబోనని తమకు తామే ఒట్టు పెట్టుకొని ఆడువారు లోకమున పెక్కుమంది కలరు. వారి నియమములను, ఆ నియమములనుండి పుట్టిన నేర్పులను, ఆ నేర్పుల వెంట వచ్చిన చిత్రమైన అలవాట్లను గూర్చి, వారిలో నొకడనై చాలకాలముగా మెలగుచున్న నాకు, చెప్పవలెనని చిరకాలముగా కోరిక.

ఈ క్రీడ మెక్సికో నగరమునందలి స్క్వాడ్ అను సంస్థలో పుట్టినది. దీనిని తలపోసిన ఫెలిపే ఫలాంగే బ్రెజిలు దేశీయుడు. చిన్ననాట బాణసంచాకు చిన్న చిన్న బొమ్మలను కట్టి ఎగురవేయుచు, ఆ బొమ్మలకు కెర్బలులని పేరు పెట్టుకొన్నవాడు. దీపావళి రాత్రి తారాజువ్వ వెంట తమ ప్రాణమును కూడ పైకి పంపిన పిల్లలున్న మన ఊళ్లలో ఈ ముచ్చటను వివరింప నక్కరలేదు. 2011 జూన్ 24న క్రీడయొక్క తొలిరూపము వెలువడినది. 2015 ఏప్రిల్ 27న అది సంపూర్ణరూపమును దాల్చినది. ఇందలి కెర్బిన్ గ్రహము మన భూమికి వ్యాసార్ధమున పదవవంతు మాత్రమే, అనగా 600 కిలోమీటర్లు. అయినను దాని ఆకర్షణబలము మన నేలమీది దానికి సమానము. దాని గాలి 70 కిలోమీటర్ల ఎత్తుతో అంతరించును. దానిచుట్టు మన్, మిన్మస్ అను రెండు చందమామలు తిరుగును. పచ్చని మేను, పెద్ద తల, గుండ్రని కన్నులు గల కెర్బలులందరి ఇంటిపేరును కెర్మన్. చూపునకిది పసిపిల్లల బొమ్మలాటవలె కన్పట్టును. కాని నౌకల గమనమునందు కెప్లరు సూత్రములకు గాని, 1903లో సియల్కోవ్‌స్కీ ప్రకటించిన రాకెట్టు సమీకరణమునకు గాని, ఎక్కడను మినహాయింపు లేదు. నేలనుండి కక్ష్యకు చేరవలెనన్న సెకనుకు సుమారు 3,400 మీటర్ల వేగమార్పు కావలెను. మన్‌మీద దిగి మరలి వచ్చుటకు ఇంకను 2,600. ఆటగాండ్రు డెల్టా-వీ అని పిలుచు ఈ లెక్క సరిపడనిచో ఏ దైవమును మొరపెట్టుకొన్నను నౌక కదలదు.

వెనుకకు మరలు సౌకర్యమును ముందే తీసివేసి ఆడుటకు ఈ క్రీడ అమరికలలోనే ఒక ఏర్పాటు కలదు. అట్లు ఆడుటయు మంచిదే. కాని నేను గౌరవించు ఆటగాండ్రు ఆ తాళము వేయరు. మీటను సజీవముగనే ఉంచి, దానిని తాకకుందురు. వంటయింటికి తాళము వేసికొని చేయు ఉపవాసమునకును, ఎదుట పులిహోర గిన్నె నుంచుకొని చేయు ఉపవాసమునకును గల భేదము వంటిదిది. పెదవులు కలియు అక్షరమొక్కటియైన రాకుండ దశరథరాజనందన చరిత్రమును సాగించిన మరింగంటి సింగరాచార్యులకు పకారము, మకారము అందుబాటులో లేకపోలేదు. తత్సమములతో నిండిన భాషలో ఉండియే పొన్నగంటి తెలగన అచ్చతెనుగున యయాతిచరిత్రమును వ్రాసెను. త్రోవ తెరచియుండగా దానివంక పోకుండుటలో ఒక విద్య కలదు; ఆ విద్య నేర్పునది బుద్ధికి మాత్రమే కాదు, చేతికిని.

చేతికి నేర్పునదేమో చెప్పెదను. మరల వెనుకకు పోవచ్చునని తెలిసినవాడు రాకెట్టును కట్టినంతనే ఎగురవేయును. పేలినచో నవ్వి మరల కట్టును. పోరాదని నిశ్చయించుకొన్నవాడు మొదట మనుష్యరహితముగ ఎగురవేయును. గుళిక కొనయందు, ఆపదవేళ దానిని రాకెట్టునుండి పెరికి దూరముగ కొనిపోవు రక్షణగోపురమును బిగించును. అంతటితో నిలువక, ఆ గోపురము నిజముగ పనిచేయునో లేదో చూచుటకే ఒక ప్రయోగమును వెచ్చించును. 2023 అక్టోబరు 21న మన శ్రీహరికోటలో గగనయాన్ కొరకు జరిగిన పరీక్ష సరిగ ఇట్టిదే: మనుష్యులెవ్వరు లేని గుళికను నడియాకసమున రాకెట్టునుండి విడదీసి, ప్యారాచూట్లతో బంగాళాఖాతమున దింపిరి. ఆ దినమున దానిని చూచుచు, ఎన్నో రాత్రులు నా బల్లమీద చేసిన పని ఆకసమున జరుగుచున్నట్లు నా ఒడలు పులకరించినది.

ఇంకొక చిన్న పని కలదు. రాకెట్టుయొక్క దశలు ఏ క్రమమున వెలుగవలెనో, ఏ క్రమమున ఊడవలెనో తెరకొక అంచున బొమ్మలుగ వరుసకట్టి యుండును. ప్యారాచూట్ బొమ్మ పొరపాటున ఇంజనుతోపాటు ఒకే గడిలో పడినదా, నేల విడుచుటకు ముందే ప్యారాచూట్ విచ్చుకొనును. నియమస్థుడు ప్రతి ప్రయోగమునకు ముందును ఆ వరుసను క్రిందినుండి పైకి వ్రేలితో తాకుచు, పైకి వినబడునట్లు చదువును. నేనును చదువుదును. ఇంటివారికి ఏదో స్తోత్రమువలె తోచునట.

ఒక రాత్రి నా నియమమునకు గట్టి పరీక్ష కలిగినది. వాలెంటీనా అను నా కెర్బలు వ్యోమగామి మన్‌నుండి ఒంటరిగ మరలి వచ్చుచుండెను. దిగునపుడు క్రింద ఏటవాలు నేల కన్పట్టగా, సమతలము కొరకు ప్రక్కకు జరుగుటలో నేను ఇంధనమును ఎక్కువ వెచ్చించితిని. ఆ తప్పునకు మూల్యము ఇంటిత్రోవలో తెలియవచ్చెను. ఇంజను ఆరిపోవునప్పటికి నౌక మార్గము కెర్బిన్‌కు సమీపించు చోట 80 కిలోమీటర్ల ఎత్తున నిలిచినది. గాలి 70తో ముగియును. పది కిలోమీటర్ల కొరతచేత ఆ నౌక గాలిని తాకక, కల్పాంతము వరకు దీర్ఘవృత్తమున తిరుగుచునే యుండును. ఎఫ్ 9 నొక్కినచో నేను ఇంకను మన్‌మీదనే, నిండైన ట్యాంకుతో ఉందును. వ్రేలు ఆ మీటపై ఆడినమాట నిజము.

అపుడు కాగితము తీసి లెక్క వేసితిని. మార్గమున అత్యంతదూరమైన బిందువు వద్ద, అనగా సుమారు పండ్రెండువేల కిలోమీటర్ల దూరమున, నౌక అతిమందముగ కదలును. అక్కడ సెకనుకు అయిదు మీటర్ల వేగమును తగ్గించినచో చాలును. సమీపబిందువు 80నుండి 40 కిలోమీటర్లకు దిగును. అయిదు మీటర్లు! పరుగెత్తు బాలుని వేగము. వాలెంటీనా వీపునందలి జెట్‌ప్యాక్‌లో అంతకు మించిన శక్తి కలదు. ఆటగాండ్రలో బయటికి దిగి నెట్టు అని ప్రసిద్ధిచెందిన ఉపాయమిది. నౌక ముక్కును గమనదిశకు త్రిప్పి నిలిపి, ఆమెను బయటికి దింపి, మెల్లగ ముక్కు కొన వద్దకు చేర్చి, శిరస్త్రాణమును ప్యారాచూట్ మూతకు ఆనించి వెనుకకు నెట్టించితిని. కొంచెము ప్రక్కగ నెట్టినచో నౌక బొంగరమువలె తిరుగును. గట్టిగ తాకినచో ఆమె జారి దూరముగ పోవును. అరక్షణము నెట్టుట, ఆగుట, నౌక వంగినదేమో చూచుట, మరల నెట్టుట. ఖాళీయైన ఇంధనపు తొట్టిని విడిచిపెట్టియుండినచో బరువు తగ్గి ఈ శ్రమలో సగము తప్పెడిది. కాని అట్లు విడిచిన తొట్టి కక్ష్యలో శాశ్వతముగ చెత్తయై మిగులును, అది నా మరియొక నియమమునకు విరుద్ధము. కావున తొట్టితోసహా నెట్టవలసివచ్చెను. డెబ్బదితొమ్మిది, డెబ్బదియారు, డెబ్బది, అరువదిరెండు... అంకెలు దిగుచుండగా నేను ఊపిరి బిగబట్టి కూర్చుంటిని. నలువది వద్ద ఆపి ఆమెను లోనికి చేర్చితిని. అచ్చటినుండి క్రిందికి పడుటకు ఏడు గంటలకు పైగ పట్టును. గాలి అంచున తొట్టిని విడిచి, వేడిమికవచమును ముందునకు త్రిప్పగా, గుళిక ఎఱ్ఱని జ్వాలలో మునిగి తేలి, వేకువజామున సముద్రమున దిగెను. ఆ మీటను నొక్కియుండినచో నాకు మన్‌మీద మరియొక చక్కని అవతరణము దక్కెడిది. ఈ రాత్రి మాత్రము దక్కెడిది కాదు.

కక్ష్యలో చెత్త వదలరాదన్న ఆ రెండవ నియమము ఆటకు అవసరము కాదు. శూన్యమున వదలిన తొట్టి తగిలి నౌక కూలుట ఈ క్రీడలో అత్యంతము అరుదు. అయినను ఎందరో దీనిని పాటింతురు. పైదశను కక్ష్యకు కొంచెము చేరనీయకయే విడిచి, తుదివేగమును చిన్న ఇంజనుతో అందుకొందురు. లేక పైదశకే చిన్న ఘనఇంధన మోటార్లను తలక్రిందులుగ బిగించి, పని ముగిసిన పిదప అది తనంత తాను క్రిందికి పడునట్లు చేయుదురు. నిజమైన ఆకసమున ఇది ఎంతటి అవసరమో 2009 ఫిబ్రవరి 10న ఇరిడియం ఉపగ్రహమొకటి, పనిచేయని రష్యా కాస్మాస్ ఉపగ్రహమొకటి ఢీకొని వేలకొలది శకలములైనపుడు లోకమునకు తెలిసినది. 2024 జనవరి 1న శ్రీహరికోటనుండి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 నాలుగవ దశను మన శాస్త్రజ్ఞులు 650 కిలోమీటర్లనుండి 350కి దింపి, దానిమీదనే ప్రయోగములు జరిపి, మార్చి 21న గాలిలో ప్రవేశింపజేసిరి. ఆటలో ఎవరును అడుగకయే ఈ మర్యాదను పాటించినవానికి ఆ వార్తయందలి సొగసు ఇతరులకంటె ఎక్కువగ తెలియును.

ఇంకొక తెగ నియమములు కేవలము దయనుండి పుట్టినవి. కెర్బలులకు ఆకలిదప్పులు లేవు. ఒక్క మనిషి కూర్చుండు గుళికలో ఏండ్లకొలది ఉంచినను ఆట అభ్యంతరము చెప్పదు. అయినను డ్యూనా గ్రహమునకు పోవు మూడువందల కెర్బిన్ దినముల ప్రయాణమునకు, కాళ్లు చాపుకొనుటకొక గదిని, చూచుటకొక గవాక్షమును అమర్చక పంపనివారు కలరు. ఆ గది బరువు టన్నులకొలది ఇంధనమును మ్రింగును. వారు సంతోషముగ చెల్లింతురు. అణు ఇంజనును గాలిలో వెలిగించరు, ఆటలో ఆ గాలి చెడకపోయినను.

స్వయంచాలక సారథిని నిషేధించుకొనుట మరియొక శాఖ. మెక్‌జెబ్ అను అదనపు సాధనమును చేర్చినచో నౌక తానే ఎగురును, తానే దిగును. దానిని విడిచినవాడు గ్రహగతులను కంటితో నేర్చుకొనవలెను. బలహీనమైన ఇంజనుగల బరువైన నౌకను ఒక్కమారు మండించి దూరగ్రహమునకు పంపుట కష్టము. కావున కెర్బిన్‌కు సమీపించిన ప్రతిమారును, వేగము అత్యధికముగ నున్న ఆ కొద్దిసేపు మాత్రమే మండించి, వృత్తమును చుట్టుచుట్టునకు సాగదీయుదురు. 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయానము, 440 న్యూటనుల చిన్న ఇంజనుతో, ఇట్లే వారములపాటు కక్ష్యను పెంచుకొనుచు పోయి డిసెంబరు 1న భూమిని విడిచి, 2014 సెప్టెంబరు 24న అంగారకుని చేరినది. పత్రికలలో ఆ కక్ష్యల చిత్రమును చూచినపుడు, దానిని నా చేతులు ముందే ఎఱిగియుండెను.

నియమములు గట్టిపడినకొలది వాని చుట్టు అలవాట్లు పెరుగును. ప్రాణనష్టము జరిగిన నౌక పేరును మరల వాడనివారు, రాత్రివేళ ప్రయోగించనివారు, దిగిన ప్రతిచోటను జెండా పాతి ఒక వాక్యము చెక్కనిదే కదలనివారు, తొలి ప్రయాణమునకు జెబెడయా అను కెర్బలును తప్ప మరియొకని పంపనివారు కలరు. వీనిని వెఱ్ఱి అనుటకు నాకు మనసొప్పదు. 1964లో రేంజర్-7 విజయమైననాడు అమెరికా జెట్ ప్రొపల్షన్ లేబరేటరీలో పల్లీలు పంచిరి; ఆరు వైఫల్యముల తరువాత వచ్చిన గెలుపగుటచే నేటికిని అక్కడ ముఖ్యఘట్టములందు పల్లీల డబ్బా ఉండవలసినదే. మన ప్రయోగములకు ముందు రాకెట్టు నమూనాను తిరుమలేశుని సన్నిధి నుంచుటయు, సూళ్లూరుపేట చెంగాళమ్మను దర్శించుటయు అందరెఱిగినదే. పీఎస్‌ఎల్‌వీ-సీ12 పిమ్మట వచ్చినది సీ14, సీ13 లేదు. వేయి విషయములను సరిచూచుకొన్న పిదపను, చేతిలో లేనిది కొంచెము మిగులును. ఆ మిగిలినదానికి మ్రొక్కుట అజ్ఞానము కాదు; పనిని ప్రేమించినవాని లక్షణము.

నియమమునకు మినహాయింపు ఉండవచ్చునా అను చర్చయు ఈ సంప్రదాయమున కలదు. కంప్యూటరు గణితమునందలి సూక్ష్మదోషములు పేరుకొని, నిక్షేపముగ నున్న నౌక హఠాత్తుగ వణకి చెదరిపోవుట కొన్నిసార్లు జరుగును. ఆటగాండ్రు దీనిని క్రాకెన్ అను సముద్రరాక్షసి పేర పిలుతురు. అట్టివేళ ఎఫ్ 9 నొక్కుట ధర్మమేయని పెక్కుమంది మతము, నాదియు నదే. ప్రకృతి చేసిన దెబ్బను సహింతును గాని, లేని ప్రకృతి చేసిన దెబ్బను కాదు. అయితే ఏది నా తప్పో, ఏది యంత్రదోషమో నిర్ణయించువాడను నేనొక్కడనే. ఆ తీర్పు చెప్పునపుడు మనసు ఎన్ని సాకులు వెదకునో ఆ గదిలో ఒంటరిగ కూర్చున్నవానికి తెలియును. రాత్రి ఒక గంట తీరిక దొరకిన ఉద్యోగి ఈ నియమములేవియు పాటింపకున్నను నేను తప్పుపట్టను. కాని ఆ గంటలోనే ఒక్క ప్రయాణమునైన వెనుకకు మరలకుండ సాగించి చూడుమని చేతులు పట్టుకొని అడుగుదును.

నా బల్లమీద ఒక రూళ్ల నోటుపుస్తకము కలదు. ప్రతి ప్రయాణమునకును ఒక వరుస: నౌక పేరు, బయలుదేరిన దినము, లోని వారి పేర్లు, చివర తిరిగి వచ్చిన దినము. రెండు వరుసలలో ఆ చివరిగడి ఖాళీగనే యున్నది. ఇప్పుడు వాలెంటీనా, బిల్, బాబ్ అను కెర్బలులు ముగ్గురును డ్యూనా త్రోవలో నున్నారు; ఆటలోని లెక్కన ఇంకను నూటపది దినములు. నిన్నరాత్రి దశల వరుసను మరల చదువగా, దిగుడునౌక ప్యారాచూట్లు ఆ పలుచని గాలికి చాలవేమోనని అనుమానము కలిగినది. కాగితము తీసితిని. దిగుడు ఇంజనులో వేగమార్పు సెకనుకు రెండువందల మీటర్లు మిగులుగ నున్నది. చాలునో చాలదో, ఆదివారమునాడు తెలియును.