రాగానికి పక్షమున్నదా?

రాజకీయాభిప్రాయాన్ని బట్టి సంగీతాభిరుచి ఏర్పడునా అన్న ప్రశ్నను పరీక్షించుటకు పుదుచ్చేరి తగిన స్థలము. ఫ్రెంచివారి ఏలుబడిలో నుండిన ఆ చిన్న పట్టణంలో ఇద్దరు తమిళకవులు, ఇంచుమించు గురుశిష్యులు, పాటను గూర్చి పట్టుదలతో ఆలోచించినారు. వారి ఆలోచనలో తెలుగువారికి సంబంధించిన చిక్కు ఒకటి ఉన్నది.

సుబ్రహ్మణ్య భారతి ఆంగ్ల ప్రభుత్వపు నిర్బంధాన్ని తప్పించుకొని 1908లో పుదుచ్చేరి చేరినాడు. 1918 దాకా అక్కడనే ఉన్నాడు. అర్థమెరుగని తెలుగు, సంస్కృత కీర్తనలనే ఊరూరా వల్లించుచున్నారని తన సంగీతవ్యాసంలో తమిళ గాయకులను నిష్ఠురంగానే మందలించినాడు. దీనిని తెలుగుపై ద్వేషమనుకొనుట సులభము. కాని దేశాన్ని గూర్చిన ఆయన గేయంలో, సింధునదిపై వెన్నెలలో పడవ నడుపుచు పాడదలచిన పాట సుందరమైన తెలుగులోనిదే! ఆయన కోపం భాషపై కాదు, అర్థం లేని ఉచ్చారణపై. త్యాగరాజకృతిలో పదాన్ని విరిచి మ్రింగే గాయకుని విన్న ఏ తెలుగువాడైనను భారతి పక్షమే వహించవలె.

ఆ ఫిర్యాదు తరువాతి తరంలో ఉద్యమమైనది. 1943లో రాజా అన్నామలై చెట్టియారు పూనికతో మద్రాసులో తమిళ ఇశై సంఘం వెలసినది. దానిని సమర్థించినవారిలో కాంగ్రెసు నాయకుడు రాజాజీ, ఆయన అభిమాని రచయిత కల్కి ఉన్నారు. కాంగ్రెసుకు బద్ధవిరోధి పెరియారూ ఉన్నాడు. పక్షాలు వేరు, కోరిక ఒక్కటే. ఎదుటివారు సంగీతానికి భాష లేదు, నాదమే ప్రధానమన్నారు. వినుటకు నిర్మలమైన మాటే. కాని అది ఉన్న కచేరీపద్ధతిని ఉన్నట్లే నిలుపుకొనుటకు అక్కరకు వచ్చిన మాట. నాదమే ప్రధానమైతే తమిళపాటకు కచేరి చివర తుక్కడాల మూల మాత్రమే ఏల మిగిలినది?

పుదుచ్చేరిలోనే పుట్టిన భారతిదాసన్ (1891–1964) కథ మరింత విచిత్రము. తమిళ పంతులైన ఆయన మొదట మురుగన్ స్తుతులు, ఖద్దరు పాటలు వ్రాసినాడు. పిదప ఆత్మగౌరవోద్యమంలో చేరి నాస్తికుడై, హిందీ వ్యతిరేకోద్యమానికి కవి అయినాడు. దుఃఖవేళ యాళ్ మీటి ఊరట కలిగింపవా అని ప్రియురాలిని అడిగే ఆయన పాటకు వరుస కట్టినవాడు దండపాణి దేశికర్. ఈయన తేవారం పాడు ఓదువార్ల సంప్రదాయంలో పెరిగినవాడు, 1942 నాటి ‘నందనార్’ చిత్రంలో శివభక్తుడుగా నటించినవాడు. నాస్తికుని మాటకు శైవుడు ప్రాణం పోసినాడు! అన్నాదురై కథతో 1951లో వచ్చిన ‘ఓర్ ఇరవు’ చిత్రంలోనూ ఆ పాట వినబడినది. దాని రాగం దేశ్, అనగా హిందూస్థానీనుండి వచ్చినది. ఆకాశవాణిలో వినబడు వందేమాతరమూ ఆ రాగములోనిదే. హిందీ పుస్తకాలతో జీవితం గడుపుచున్న నావంటివానికి ఇది కొంత చిరునవ్వు తెప్పించు సంగతి. కవి ఎదిరించినది హిందీ పెత్తనాన్ని. ఉత్తరాది రాగము ఆయన పాటలో ఇంటి బిడ్డ వలె ఇమిడిపోయినది.

రాజకీయము మాటను ఎన్నుకొన్నది, వేదికను ఎన్నుకొన్నది. రాగము దగ్గర దాని చేయి ఆగినది. గాయకులలోనూ ఇట్లే జరిగినది. తమిళ ఇశై పక్షాన నిలిచి పాడిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి త్యాగరాజును విడువలేదు. 1980 ప్రాంతంలో, అరువది దాటిన వయసున, తిరుమల తిరుపతి దేవస్థానం కొరకు అన్నమయ్య పదాలు నేర్చి రికార్డు చేసినారు. ఆ తెలుగులో ఒక్క పదం విరగదు.