మంచు బిందువు, బంగారు గుండు

సూరత్ నగరంలోని డిండోలి ప్రాంతంలో మరమగ్గాల పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అక్కడైనా, ఇక్కడైనా తెలుగువారి పెళ్ళిళ్ళలో మామిడి పిందెల హారాన్ని మీరు చూసే ఉంటారు. ఈనాడు వాటిలో చాలావరకు పిందెలన్నీ ఒకే అచ్చులో దిగినవి. చెట్టు మీద పిందెలు అలా ఉంటాయా? అచ్చు వల్ల మజూరీ తగ్గుతుంది, నిజమే. కాని ఆ హారంలో వంపు మాత్రమే మామిడిది, మిగతాదంతా అచ్చుది.

ఇప్పుడు మరో నగను పరిశీలిద్దాం. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక జత బంగారు కుండలాలు ఉన్నాయి. ఇవి క్రీ.పూ. 1వ శతాబ్దంలో, బహుశా ఆంధ్ర ప్రాంతంలో తయారైనవి. జంట కాడల తీగ నడుమ నుంచి రెండు వైపులకూ మొగ్గల వంటి రూపాలు పొడుచుకు వస్తాయి. వాటి మీద రెక్కల సింహం, ఏనుగు ఉన్నాయి. ఈ మొగ్గలు పలకలుగా ఉంటాయి. సాధారణంగా చెట్టు మొగ్గలు అలా ఉండవు. అయినా చూడగానే అవి పెరుగుతున్నట్లు అనిపిస్తాయి. కాడలోంచి మొగ్గ వెలువడే తీరును కంసాలి పట్టుకున్నాడు.

జంతువుల బొమ్మలను రేకు, తీగె, సన్నని గుండ్లతో కూర్చారు. చిన్న బంగారు ముక్కను బొగ్గుపై కరిగిస్తే అది తనంతట తానే గుండ్రంగా మారుతుంది. కారణం తలతన్యత. గడ్డిపరకపై మంచు బిందువును గుండ్రంగా చేసేదీ అదే. ఇక్కడ అనుకరణ లేదు. ప్రకృతి నియమమే పని చేసింది.

మరి లోపం లేదా? ఉంది. ఈ కుండలాల బరువుకు చెవి తమ్మెలు సాగి, నగ భుజాలకు ఆనేది. చెట్టు కొమ్మ తాను మోయలేనంత బరువును ఎక్కువకాలం నిలుపుకోలేదు. కంసాలి ఆ లెక్కను మరిచాడు.

సూరత్‌లో సానపట్టే వజ్రాన్నీ ఇలాగే చూడండి. కర్బన పరమాణువుల అమరిక వల్ల ముడి వజ్రం తరచు ఎనిమిది ముఖాల స్ఫటికంగా దొరుకుతుంది. 57 ముఖాల బ్రిలియంట్ కోతలో ఆ రూపం పోతుంది. కాని ఆ కోత కోణాలను నిర్ణయించేది వజ్రపు వక్రీభవన గుణకం, 2.42. రూపం పోయినా ధర్మం నిలిచింది.

కనుక ఆకు నగనో, చేప శిల్పాన్నో చూసి "అచ్చం అలాగే ఉంది!" అని ఆగిపోకండి. రాలిన పది మామిడి పిందెలను పక్కపక్కన పెట్టండి. వాటిలో ఏది మారుతోంది, ఏది మారడం లేదు? అది గమనించాకే మట్టితో ఒక పిందె చేసి చూడండి.