ఆర్నెట్ కోల్మన్ తొలి రికార్డు

1958వ సంవత్సరమున లాస్ ఏంజలిస్ నగరపు కాంటెంపరరీ సంస్థవారు ‘సమ్‌థింగ్ ఎల్స్’ అను జాజ్ సంగీతపు రికార్డును వెలువరించిరి. శాక్సఫోను వాదకుడగు ఆర్నెట్ కోల్మన్ మేళనాయకుడై వెలువరించిన మొదటి రికార్డిదియే. టెక్సస్ రాష్ట్రమున బీదయింట బుట్టిన యీ నల్లజాతి యువకుడు లిఫ్టు నడిపి పొట్ట పోసికొన్నవాడు. ఇతడు వేదిక నెక్కినంతనే తోడి వాద్యకులు దిగిపోయిన దినములు గలవు. ఇతనికి శ్రుతిజ్ఞానము లేదని వారి యాక్షేపణ.

ఆ మాట నిజమా? తీర్పు చెప్పుటకు ముందు రికార్డు వినవలెను. ఇందలి తొమ్మిది రచనలును కోల్మన్‌వే. జాజ్ మేళములలో పియానో స్వరసముదాయములను వరుసగా వినిపించుచుండ, ఆ చట్రములోనే వాద్యకుడు తన కల్పనను జూపుట ఆచారము. కోల్మన్ చట్రమును విడిచి పాట పోకడనే పట్టుకొనును. అతని స్వరము పియానోమెట్టునకు పైననో క్రిందనో నిలిచి, మనుష్యకంఠమువలె మూల్గును, నవ్వును. ‘వెన్ విల్ ది బ్లూస్ లీవ్’ అను రచనలో నిది స్పష్టము. ఆచారమునకు లోబడనివానిని అజ్ఞాని యనుట మనదేశమునను పండితులకు సులభోపాయమే గదా!

లోపము లేకపోలేదు, అది వేరొకచోట నున్నది. పియానో వాదకుడు వాల్టర్ నారిస్ సమర్థుడే. కాని యతడు సంప్రదాయానుసారముగ స్వరములను బేర్చుకొలదిని నాయకుని కల్పన గోడకు దగిలి మరలుచున్నట్లుండును. డాన్ చెరీ బాకాయు, బిల్లీ హిగ్గిన్స్ డ్రమ్ములును మాత్రము నాయకుని మనసెరిగి నడచును. మరుసటియేట, 1959లో, వెలువడిన ‘ది షేప్ ఆఫ్ జాజ్ టు కమ్’ అను రికార్డున కోల్మన్ పియానోకు చోటే యీయలేదు. ఆ రెండింటిని వరుసగా వినువారు, తొలిరికార్డులో పియానో యెచ్చటెచ్చట నడ్డుపడెనో వ్రేలుపెట్టి చూపగలరు.