జాలరి కథలో పడవ ఎవరిది?

జాలరి జీవితాన్ని వస్తువుగా తీసుకున్న ఏ రచననైనా నేను రెండు ప్రశ్నలతో చదువుతాను. ఇందులో పడవ ఎవరిది? పట్టిన చేపకు ధర కట్టేది ఎవరు? తుఫానునూ ప్రేమనూ గంగమ్మ మొక్కులనూ ఎంత రమ్యంగా వర్ణించినా, వీటికి జవాబు లేని రచన ఒడ్డున నిలబడి చూసినవాడి రచనే.

1943 ఫిబ్రవరిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితల తొలి మహాసభ జరిగిన ఊరు తెనాలి. అక్కడ రైలెక్కితే రేపల్లెలో దారి ఆగుతుంది. ఆ తర్వాత నిజాంపట్నం, సముద్రం. డెల్టా వరిచేలనూ, కౌలు రైతునూ, కూలినీ ఎరిగిన మన సాహిత్యం కాలువ చివరిదాకా నడిచింది తక్కువ. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలాదిమంది చనిపోతే మన కవులు కన్నీరు కార్చారు. బతికి బయటపడ్డవాడు మళ్లీ వల ఎట్లా కొనుక్కున్నాడో చెప్పిన కథ మాత్రం నా కంటబడలేదు.

ఇదంతా అర్థశాస్త్రం, కళ కాదు అనేవారికి తగళి శివశంకర పిళ్ళై 1956లో వెలువరించిన ‘చెమ్మీన్’ సమాధానం. అందరూ దానిని ప్రేమకథ అంటారు. కాని కథను నడిపించేది అప్పు. పడవకూ వలలకూ చెంబన్‌కుంజు పరీకుట్టి దగ్గర డబ్బు తీసుకుంటాడు. చేప అతనికే ఇస్తానన్న మాట తప్పుతాడు. కరుత్తమ్మ మనసును కాల్చేది విరహంతోపాటు ఈ బాకీ కూడా. అయితే, భార్య శీలమే కడలిలో భర్తను కాపాడుతుందన్న విశ్వాసాన్ని ముగింపు నిజం చేసినట్టే కనిపిస్తుంది. భారమంతా స్త్రీమీద మోపిన ఆ విశ్వాసాన్ని రచయిత నిలదీయకపోవడం నవల లోపమని నా అభిప్రాయం.

2025లో వచ్చిన ‘తండేల్’ చిత్రానికి ఆధారం కల్పన కాదు. 2018లో గుజరాత్ తీరాన వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన శ్రీకాకుళం జాలరులు 2020 జనవరిలో విడుదలయ్యారు. సొంత సముద్రం ఎదుట ఉండగా వాళ్లు అంతదూరం ఎందుకు కూలికి పోయారు? ఈ ప్రశ్నను చిత్రం తాకి వదిలేసి, ప్రేమనూ దేశభక్తినీ పట్టుకుంది. వలసకు కారణం తెరమీద పలచబడితే, బాధ మిగిలి బాధ్యుడు మాయమవుతాడు.

నిజాంపట్నం రేవుకు వెళ్లే రచయిత ముందుగా లెక్కలు వినాలి. డీజిలుకూ ఐసుకూ అప్పిచ్చినవాడే చేప తీసుకుంటే ధర ఎవరిదవుతుంది? గంప నెత్తికెత్తుకున్న స్త్రీకి వేలంలో మిగిలేది ఎంత? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆగుతుంది. ఆ అరవైఒక్క రోజులూ సర్కారు భృతి చాలక చేసిన అప్పు, వేట మొదలయ్యాక ఏ రూపంలో తీరుతుంది? బాపట్ల 2022లో జిల్లా కేంద్రమైంది. సెలవులకు సూర్యలంక విహారయాత్రికులతో నిండుతుంది. ఇసుకకే ధర పలికేచోట వల ఆరేసుకునేవాడికి చోటు మిగులుతుందా?

ఈ ప్రశ్నలు అడిగినంత మాత్రాన మంచి కథ పుట్టదు. అడగకుండా మాత్రం జాలరి మనిషిగా కాగితంమీదికి రాడు; అలల బొమ్మలో ఒక నీడగానే ఉండిపోతాడు. తీరప్రాంతపు కళాశాలల్లో చదివే, చదువు చెప్పే మిత్రులు ఈ పనికి పూనుకోవాలి. సముద్రం వారికి ఒక బస్సు దూరంలోనే ఉంది.