నీళ్లు తోడితేనే ఫైరింజను

మంటల దగ్గరికి పరుగెత్తే బండికి బంగారు రేకు ఎందుకు? అమెరికా చిన్న ఊళ్లలోని వాలంటీర్ ఫైర్ కంపెనీల, అంటే జీతం లేని అగ్నిమాపక దళాల, పాత ఫైరింజన్లను చూసినవాళ్లకు మొదట తట్టే ప్రశ్న ఇది. ఎర్ర రంగు మీద కంపెనీ పేరు, అంచుల గీతలు, మూలల్లో లతలు పెయింటుతో వేసినవి కావు, అసలైన బంగారు రేకు అద్దినవి. పొగలో నల్లబడి బురదలో దొర్లే వాహనానికి పెళ్లికూతురి సింగారం.

దీనికి జవాబు ఆ కంపెనీల పుట్టుకలోనే ఉంది. 1736 డిసెంబర్ 7న ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆయన స్నేహితులు కలిసి యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టారు. జీతాల్లేవు. తోలు బకెట్లు, సామాను సర్ది బయటికి మోసే సంచులు ప్రతి సభ్యుడూ తన ఇంట్లో సిద్ధంగా ఉంచుకోవాలి. ఆ తర్వాత వాడవాడకూ ఇలాంటి కంపెనీలు లేచాయి, వాటితోపాటే పోటీ లేచింది. ముందు ఎవరు చేరారు, ఎవరి పంపు ధార ఎత్తుకు పోయింది, ఎవరి బండి అందంగా ఉంది అన్నవి పరువు ప్రశ్నలయ్యాయి. చేతిపంపుల చెక్క పలకల మీద చిత్రకారుల చేత బొమ్మలు వేయించుకున్నారు. ఒక్కోసారి నిప్పును వదిలేసి వీధిలో కొట్టుకున్నారు కూడా. ఆ గొడవలతో విసిగిన సిన్సినాటి నగరం 1853లో ఆవిరి పంపుతో, జీతాల సిబ్బందితో సొంత దళం పెట్టుకుంది. న్యూయార్క్ 1865లో ఆ దారి పట్టింది.

పెద్ద నగరాల్లో వాలంటీర్ల కథ అలా ముగిసినా చిన్న ఊళ్లలో ముగియలేదు. ఇప్పటికీ అమెరికాలో మంటలార్పేవాళ్లలో ఎక్కువమంది వాలంటీర్లే.

మోటారు బండ్ల విషయంలో కొన్నిచోట్ల వీళ్లే నగరాల కంటే ముందున్నారు. పెన్సిల్వేనియాలోని వేన్ అనే ఊళ్లో రాడ్నర్ ఫైర్ కంపెనీ 1906లో వాటరస్ సంస్థ నుంచి పెట్రోలు పంపు బండి తెప్పించుకుంది. అందులో రెండు ఇంజన్లు: ఒకటి బండి నడపడానికి, ఇంకొకటి నీళ్లు తోడడానికి. ఒకే ఇంజనుతో రెండు పనులూ చేయించడం ఆ మరుసటి ఏడాదే సాధ్యమైంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో ఉన్న అమెరికన్ లఫ్రాన్స్ 1910లో మోటారు బండ్లలోకి దిగింది. సిన్సినాటి నుంచి వచ్చిన ఆరెన్స్ ఫాక్స్ బండ్లను ముక్కు మీద మెరిసే పెద్ద లోహపు గోళం చూసి ఎవరైనా గుర్తుపడతారు. అది అలంకారం కాదు. పిస్టన్ పంపు నీటిని దెబ్బదెబ్బగా తోస్తుంది. గోళంలోని గాలి ఆ దెబ్బకు కుంచించుకుని, మళ్లీ విచ్చుకుని, నాజిల్ దగ్గర ధారను నిలకడగా ఉంచుతుంది.

ఈ బండ్లు ఇంకా మిగిలి ఉండడానికి ముఖ్యమైన కారణం, చాలావరకు అవి కంపెనీల సొంత ఆస్తి కావడం. విందులు పెట్టి, తిరునాళ్లలాంటి కార్నివాల్‌లు జరిపి, ఇంటింటా చందాలెత్తి కొన్న బండి అది. కొత్తది వచ్చాక పాతదాన్ని అమ్మేద్దామంటే ఎవరో ఒకరికి మనసొప్పదు. కొన్నాళ్లు ఊరేగింపుల్లో తిరుగుతుంది, తర్వాత ఏ కొట్టంలోనో తుప్పు పడుతుంది. ఒక తరం గడిచాక, తాతలు నడిపిన బండిని మనవలు బయటికి లాగుతారు.

అసలు పని అప్పుడు మొదలవుతుంది. రంగును ఒక్కసారిగా గీకేయకూడదు. పొర తర్వాత పొర మెల్లగా రుద్దుకుంటూ పోతే అడుగున మొదటి గీతలు, అక్షరాల ఆనవాళ్లు బయటపడతాయి. వాటిని కాగితం మీద ఎత్తి రాసుకున్నాకే కొత్త రంగు. చక్రాల చెక్క ఆకులు వదులైతే వడ్రంగి కావాలి. అరిగిన బేరింగులకు బాబిట్ లోహం కరిగించి పోసి, షాఫ్టుకు సరిగ్గా కూర్చునేదాకా చేత్తో గీకాలి. పగిలిన పంపు భాగానికి బజారులో బదులు దొరకదు. పాత ముక్కను చూసి అచ్చు చేసి పోతపోయించాల్సిందే.

ఇంతా చేసి రంగు, ఇత్తడి తళతళలాడినా బాగుచేసినవాళ్లు అప్పుడే చేతులు దులుపుకోరు. బండిని చెరువు గట్టుకు తీసుకెళ్లి, గట్టి గొట్టాన్ని నీళ్లలో వదిలి, పంపు తిప్పుతారు. నిజానికి పంపు నీటిని లాగదు. గొట్టంలోని గాలిని తీసేస్తుంది, బయటి వాతావరణ పీడనం నీటిని పైకి తోస్తుంది. లెక్క ప్రకారం పది మీటర్ల ఎత్తు దాకా రావాలి, పనిలో ఏడెనిమిది మీటర్లు వస్తే గొప్ప. ఏదో ఒక జాయింటులో, షాఫ్టు చుట్టూ బిగించే గ్లాండ్ ప్యాకింగ్‌లో సన్నని సందు ఉన్నా చుక్క రాదు. మన రైతు మోటారు దగ్గర కూర్చుని ‘ఎయిర్ పట్టింది’ అని తల పట్టుకునేది సరిగ్గా ఈ జబ్బుకే. రంగు లోపాన్ని దాచవచ్చు, పంపు దాచనివ్వదు.

పాత ఫైరింజన్ల ప్రేమికులు అమెరికాలో 1958లోనే సంఘం కట్టుకున్నారు. పాత బండ్లన్నీ ఒకచోట చేరి నీళ్లు చిమ్మే జాతరలు ఇప్పటికీ జరుగుతుంటాయి. అక్కడ తెగని వాదం ఒకటుంది: కొత్తదానిలా మెరిపించాలా, నొక్కులూ గీతలూ అలాగే ఉంచాలా? రెండు వైపులా న్యాయముంది. అయితే మెరుపు కోసం పంపును పీకి పక్కన పెట్టిన బండి ఎంత అందంగా ఉన్నా సగం బండే.

ఈ కథలో మనకూ కొంచెం పాలుంది. 1914లో ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌లో జాన్ మోరిస్ అండ్ సన్స్ సంస్థ తయారు చేసిన ఫైరింజను ఒకటి నిజాం రైల్వేకు వచ్చింది. అది ఇప్పుడు ఢిల్లీలోని జాతీయ రైల్వే మ్యూజియంలో ఉంది. స్టేట్స్‌మన్ పత్రిక వింటేజ్ కార్ ర్యాలీల్లో పాల్గొని బహుమతులు కూడా గెలుచుకుంది. హైదరాబాద్ సంస్థానం రైల్వే చరిత్రలో ఒక ముక్క ఢిల్లీలో భద్రంగా ఉన్నందుకు సంతోషించాల్సిందే.

మరి తర్వాతి బండ్లు? 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నియమాల ప్రకారం, 50 ఏళ్లు దాటి అసలు రూపం చెడని వాహనానికే ఆ హోదా. ఇంకో పక్క, 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ చెల్లదు, వాటిని తుక్కు కేంద్రాలకు పంపాలి. రక్షణ, శాంతిభద్రతల అవసరాలకు వాడే ప్రత్యేక వాహనాలకు మాత్రం మినహాయింపు ఉంది. మన ఫైరింజన్లు ప్రధానంగా ప్రభుత్వానివే. పదిహేనో ఏట తుక్కయ్యే బండి యాభయ్యో ఏడు చూడడం ఎలా?

పాతబడిన బండిని మంటల మీదికి పంపమని ఎవరూ అనరు. కానీ ఉమ్మడి జిల్లాకు ఒక్కటి చొప్పున, పంపుతో సహా, తుక్కు జాబితా నుంచి తప్పించేందుకు రెండు తెలుగు రాష్ట్రాలూ కేంద్రాన్ని మినహాయింపు అడగాలి. దాన్ని విప్పి బిగించే పని ఆ జిల్లా ఐటీఐ పిల్లలకు అప్పగించాలి. ఏడాదికోసారి ఏప్రిల్‌లో అగ్నిమాపక వారోత్సవాలు ఎలాగూ జరుగుతాయి. ఆ వారంలో చెరువు గట్టున దానితో నీళ్లు తోడించి చూపించాలి.